ఆకు చూసిన గంట

ఆ పొద్దు నేను చేయాల్సిన పనులు ఇవి. పట్టుపురుగులు పెంచే పురుగులింటి గడప ముందర బ్లీచింగు పొడి, సున్నం కొత్తగా పరచాలి. కిటికీలకు కట్టిన గోనెపట్టలు తడపాలి. నాలుగో జ్వరం నుంచి ఎన్ని పురుగులు లేచినాయో స్టాండు స్టాండుకీ చూడాలి. చిక్కబళ్ళాపురం ఆసుపత్రిలో కంటి ఆపరేషను అయిన అమ్మకు ఫోను చేసి, చుక్కలు వేసినారా, తమ్ముడు పునీత్ పక్కనే ఉన్నాడా లేక కిందికి పోయి కాఫీ తాగుతున్నాడా అడగాలి. బాగేపల్లిలో నేను పాఠాలు చెప్పే హైస్కూలు హెడ్‌మాస్టరుకు బడికి రాలేను, ఇంకొక దినం రజా కావాలని మెసేజి పెట్టాలి. ఆకు ఎక్కడన్నా దొరుకుతుందేమో చూడాలి.

అన్నీ అయినాయి, చివరిది తప్ప. అది మాత్రం తానుగా వచ్చి వాకిట్లో దిగింది. లగేజి ఆటోలో తడి గోనెలు చుట్టిన మల్బరీ కొమ్మల మోపులు, వాటి మధ్యలో ఒక చేత్తో ఆటో కమ్మీ, ఒక చేత్తో కొంగు పట్టుకోని కూర్చున్న మా చిన్నమ్మ అంజనమ్మ.

జ్వరం అంటే నిజం జ్వరం కాదు. పట్టుపురుగు పెరిగే లోపల నాలుగుసార్లు తిండి మానేసి, తల పైకెత్తి కదలకుండా ఉండిపోతుంది, లోపల్లోపల పాత చర్మం వదులుకుంటుంది. మావైపు దాన్ని జ్వరానికి కూర్చోవడం అంటారు, అయిపోతే జ్వరం లేచినాయి అంటారు. నాలుగోసారి లేచిన పురుగుకు ఉండే ఆకలి ఇంక దేనికీ ఉండదు, ఆ ఆకలితో తిన్నదే గూడు అవుతుంది. ఆ పొద్దు మా పురుగులు లేచినాయి, మా తోటలో ఆకు లేదు. అంతకు రెండు దినాల ముందర సాయంత్రం పడిన వడగళ్ళకు కొమ్మలన్నీ చీలికలై, మట్టి కొట్టుకోని పోయినాయి. చింతామణి రోడ్డు దాకా అందరి తోటలూ అంతే. మురుగమల్ల వైపు మాత్రం ఒక్క రాయి కూడా పడలేదని బస్‌స్టాపు దగ్గర టీ అంగడి బయ్యప్ప చెప్పినాడు. చెప్పి ఊరుకోకుండా, మురుగమల్ల పక్కన పుట్టినూళ్ళో ఉంటున్న చిన్నమ్మకు ఫోను కూడా చేసినాడని నాకు ఆటో వచ్చి నిలిచినాక తెలిసింది.

నాలుగేళ్ళుగా ఆమె ఈ వాకిలి తొక్కలేదు. దిగింది, డ్రైవరుతో పాటు తానూ మోపులు దించింది, అన్నిటినీ సున్నం గీతకు బయటే పెట్టింది, చెప్పులు ఎక్కడో కంచె దగ్గర విడిచింది. నా మొగం చూడకుండా ఒక్క మాట చెప్పింది.

"ఆకు చూడు నేత్రా. చూసినాకే వెయ్యి."

చెప్పి, గడప బయట రాయి మీద కూర్చుంది.

ఆకు చూడడం అంటే ఏమిటో ఆమెకు చెప్పాల్సిన పని లేదు, ఆమె వల్లనే అది మా ఇంట్లో దినచర్య అయింది. పళ్ళెంలో పిడికెడు పురుగులు వేరుగా పెట్టి, వాటికి ఆ ఆకు వేసి, ఒక గంట కనిపెట్టుకోని ఉండాలి. ఆకు మీద మందు పడి ఉంటే పురుగు తినడం ఆపుతుంది, తల అటూ ఇటూ ఆడిస్తుంది, పచ్చగా కక్కుతుంది. ఏమీ కాకపోతే మిగిలినవాటికి వేయొచ్చు. బయటి ఆకు కొన్నప్పుడు, అనుమానం ఉన్నప్పుడు, రైతులు అందరూ చేసేదే ఇది. మా అమ్మ మునిలక్ష్మమ్మ మాత్రం దినామూ చేస్తుంది, తన తోటలో తన చేత్తో కోసిన ఆకుకు కూడా. నేను ఒక కొమ్మ తీసుకోని లోపలికి పోయినాను, పళ్ళెం కిటికీ కింద పెట్టినాను, గడపకు లోపలి వైపు కూర్చున్నాను. ఆమె బయట, నేను లోపల, మధ్యలో తెల్లగా సున్నం. స్టాండ్ల మీద వేల పురుగులు తలలెత్తి వెతుకుతున్నాయి. ఆకలితో ఉన్న పురుగులిల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో, విన్నవాళ్ళకే తెలుస్తుంది. తినేటప్పుడు రేకుల మీద వాన పడినట్టు సద్దు, తినకుంటే ఏమీ లేదు, మన ఊపిరి మనకే వినబడుతుంది.

పళ్ళెంలో మొదటి పురుగు ఆకు అంచు పట్టుకుంది. నాలుగేళ్ళకు పైగా అయింది, ఆ రోజు కూడా అట్లే పట్టుకున్నాయి, సంతోషంగా. నేను అప్పుడు చింతామణి కాలేజీలో బీఎస్సీ కడపటి ఏడు చదువుతా పరీక్షల రజాకు ఇంట్లో ఉన్నాను, ఇదే గడప మీద కూర్చోని జువాలజీ చదువుకుంటున్నాను, చిన్నమ్మ ఆకు వేస్తా ఉంది. మా ఇంట్లో ప్రతి పంటకూ మొదటి ఆకు ఆమె చేతినుంచే పడాలి, ఆమె చెయ్యి చల్లనిదని అమ్మ నమ్మకం. మొదటి ఆకే కాదు, పిల్లలకు మొదటి తలస్నానం, కొత్త చీరకు మొదటి మడత, నేను కాలేజీకి పోయేటప్పుడు పెట్టిన మొదటి అన్నం క్యారేజీ, అన్నీ ఆ చెయ్యే. ఆ చెయ్యే ఆ పొద్దు మందు పడిన ఆకు వేసింది. తెలిసి వేసింది. ఆ 'తెలిసి' అనే మాటను నేను నాలుగేళ్ళుగా నోట్లో పెట్టుకోని తిరుగుతున్నాను, మింగబుద్ధి కాదు, ఉమ్మబుద్ధి కాదు.

జరిగింది పెద్ద కథ కాదు. మా మల్బరీ తోట గట్టు అవతల చిన్నమ్మ మొగుడు, మా చిన్నాయన మునినారాయణ టొమేటో పెట్టినాడు. ముందు సాయంత్రం మందు కొట్టినాడు, పైపు చిన్నమ్మ పట్టుకుంది, గాలి తిరిగింది. మందంతా మా సాళ్ళ మీద పడింది. ఎవరికీ చెప్పొద్దు, పొద్దున మంచు పడితే కడుక్కోని పోతుంది అన్నాడంట ఆయన. పొద్దున అమ్మ కొడవలి పట్టుకోని, ఆకు కోయొచ్చా అంజనా అని అడిగింది. రోజూ అడిగేదే అది, జవాబు కోసం అడిగేది కాదు. కోయక్కా అంది చిన్నమ్మ. మధ్యాహ్నానికి స్టాండ్ల మీద ఒక్కటి కూడా నిలబడలేదు. అమ్మ చీపురుతో ఊడ్చి గంపలకెత్తింది, అవి చేతికి మెత్తగా చల్లగా తగిలేవి. నేను సాయం పట్టినాను గానీ వాటి వైపు చూడలేదు.

ఇంతవరకూ నేను మన్నించగలను. నిజంగా. భయపడిన మనిషి నోరు తెరవకపోవడం నాకు అర్థం అవుతుంది, నేనూ మగవాళ్ళున్న ఇంట్లోనే పుట్టినాను. తరవాతిదే నాకు అరగలేదు. పురుగులు ఎందుకు పోయినాయో తెలియక అమ్మ ఆ తప్పు తన నెత్తిన వేసుకుంది. ముందు రోజు సోమేనహళ్ళిలో చావింటికి పోయి వచ్చింది. వచ్చి స్నానం చేసింది, తల మీద నీళ్ళు కూడా పోసుకుంది, కానీ చీకటి పడిందని కొప్పు విప్పలేదు. కొప్పు లోపల వెంట్రుకలు తడవలేదు, ఆ మైలతోనే పురుగులింట్లోకి పోయినాను, నా కొప్పే వాటిని తినేసింది, అని ఒకటే మాట. నేను సైన్సు చదివినదాన్ని, దానికీ దీనికీ సంబంధం లేదమ్మా అని పుస్తకం తెచ్చి చూపించినాను. ఆమె నవ్వి, నీకు తెల్దులే అంది. ఆ మీదట పంటకు పంట ఆమె గడప బయటే నిలబడింది, లోపల చిన్నమ్మే చేసింది. ప్రతి సాయంత్రం చిన్నమ్మ అమ్మను అరుగు మీద కూర్చోబెట్టుకోని, కొప్పు విప్పి, నూనె రాసి, చిక్కు తీసి, "నీ తప్పేం లేదక్కా" అనేది. నా కళ్ళముందరే అనేది. ఎంత మంచి మనిషి అనుకునేదాన్ని. ఆ వేళ్ళు అమ్మ వెంట్రుకల్లో తిరుగుతా ఉంటే నాకే నిద్ర వచ్చేది.

నిజం బయటపడింది చిన్నాయన నోటినుంచే, గట్టు కొలతల మీద పంచాయితీ నడుస్తుంటే. మందు మేమే కొడితిమి, గాలి తిరిగె, గాలిని పట్టుకుంటామా అనేసినాడు, అదేదో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు. అమ్మ ఆయన్ను చూడలేదు, చిన్నమ్మను చూసింది. చిన్నమ్మ తన కాలి మెట్టెలు చూసుకుంటా ఉంది. అంతే. అరుపులు లేవు, శాపనార్థాలు లేవు. ఇంటికి వచ్చి అమ్మ బావి దగ్గర కూర్చోని కొప్పు విప్పి నీళ్ళు పోసుకుంది, పోసుకుంటానే ఉంది. చిన్నమ్మ పుట్టినూరికి పోయింది. అమ్మ ఆ తరవాత ఇంతవరకూ ఎవరినీ తల ముట్టనియ్యలేదు, నన్ను కూడా.

మందు ఆ ఒక్క తోట మీదే పడలేదు, వెనకటి ఏళ్ళ మీద కూడా పడింది. అమ్మ పని చేసుకుంటా చేసుకుంటా ఉన్నట్టుండి ఆగిపోయి తనలో తానే గొణుక్కునేది. పునీత్ పుట్టినప్పుడు అంజన నెల దినాలు నిద్రపోలేదే, అది నిజమేనా? నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు ఏడ్చిందే, అది? ఒక్కొక్కటే తీసి, వాసన చూసి, అనుమానంగా పక్కన పెట్టేది. నాకైతే ఇంకా కష్టం. నన్ను సైన్సు చదివించింది చిన్నమ్మే. పదో తరగతి అయినాక ఆడపిల్లకు ఇంక చాలన్నారు అందరూ, అమ్మ కూడా తల ఊపింది. చిన్నమ్మ ఎవరికీ చెప్పకుండా నన్ను బస్సెక్కించి చింతామణికి పిల్చుకోని పోయింది, కాలేజీ వరండాలో పొద్దంతా కూర్చుంది, పిలిస్తే లేచి, మా పాప సైన్సే చదవాల సార్, బేరే ఏమీ బేడ, వేరేది వద్దు, అని సగం తెలుగు సగం కన్నడంలో చెప్పింది. అక్కడున్నోళ్ళు నవ్వినారు. ఆమె కూడా నవ్వింది గానీ కదల్లేదు. మా వంశంలో డిగ్రీ ముఖం చూసిన మొదటి మనిషిని నేను. ఆ డిగ్రీని నేనేం చేసుకోవాలి? అది కూడా తీసి పక్కన పెట్టాలా?

పళ్ళెంలో ఒక పురుగు తల ఎత్తింది. పళ్ళెం దగ్గరికి జరిగినాను. తల అటు తిప్పి, ఇటు తిప్పి, ఇంకో ఆకు అంచు చూసుకోని మళ్ళా దించుకుంది.

"పురుగులకి హాజరు తీసుకుంటాండావా అమ్మణ్ణీ?" అంది బయటినుంచి చిన్నమ్మ. నేను పళ్ళెం మీదికి వంగిపోయి పెదవులు కదుపుతా ఉన్నానంట. నాకు నవ్వు వచ్చింది, దాన్ని ఆపుకోవాలని చూసినాను, ఎందుకు ఆపుకోవాలో తెలియలేదు. టీచరు ఉద్యోగం అంటే అదేగదా అన్నాను. ఆమె కొంగు తల మీదికి లాక్కుంది. ఎండ రాయి మీదికి వచ్చినా పక్కకు జరగలేదు.

ఈ చూడడం అనేది అమ్మనుంచి నాకు అంటుకుంది. బాగేపల్లిలో నేను, కన్నడం టీచరు సహన ఒకే రూములో ఉంటాం. వచ్చిన కొత్తలో ఆమెకు నేను చిన్నచిన్న సంగతులు చెప్పేదాన్ని, కొన్ని నిజం, కొన్ని కావాలని అల్లినవి. అవి తిరిగి స్టాఫ్‌రూములో ఎవరి నోటినుంచన్నా వస్తాయేమోనని కనిపెట్టుకోని ఉండేదాన్ని. రాలేదు. ఒక్కటి కూడా రాలేదు. అయినా ఇంకోటి వేసేదాన్ని. ఒకరోజు ఆమె చపాతీ కాలుస్తా కాలుస్తా, నన్ను పరీక్ష చేస్తాండావు కదా నేత్రా, అంది మెల్లగా. నేను పిండి ముద్ద చేస్తా ఉండిపోయినాను. నేను పాస్ అయితే చెప్పు, ఆ పొద్దు స్వీటు తెస్తా, అంది. తమాషాగానే అంది, కానీ చపాతీ మాడిపోయింది. మోసం చేసినోళ్ళు మోసం చేసి పోతారు. అది తెలియని మనిషి ఎవరో, మన ఊరు కూడా చూడని మనిషి, నాలుగేళ్ళ తరవాత ఒక పొయ్యి ముందర నిలబడి దానికి జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. ఇది నాకు ఏ పుస్తకంలోనూ చదివినట్టు గుర్తు లేదు.

స్టాండ్ల మీద పురుగులు అంచులకు వచ్చేసినాయి. కొన్ని వేలాడి కింద పడుతున్నాయి. పడినవాటిని ఏరి పెట్టినాను, మళ్ళా పడినాయి. పళ్ళెంలోవి బాగానే తింటున్నాయి. గంట కాలేదు, తెలుసు. ఈ పంట పోతే అమ్మ ఇంక పురుగులు పెట్టదు, అదీ తెలుసు. ఆపరేషనుకు పోయే ముందర, ఇది సరిగ్గా గూడు కడితే నా చెయ్యి ఇంకా మంచిదే అనుకుంటా, లేకుంటే చాలిస్తా అంది, తన చెయ్యి తనకే చూపించుకోని. వేస్తే ఒక భయం, వేయకుంటే ఒక భయం. లేచినాను. గడప దగ్గరికి వచ్చి మోపు కట్టు విప్పబోయినాను. వేసేస్తా చిన్నమ్మా, ఆగలేకపోతాండాయి, అన్నాను.

చిన్నమ్మ మోపు మీద చెయ్యి పెట్టింది.

"కూచో. మీయమ్మ ఎంతసేపు చూస్తాదో అంతసేపు చూడు."

"నువ్వే తెచ్చినావు కదా."

"అందుకే చెప్తాండా."

కూర్చున్నాను. ఆమె చెయ్యి ఆ మోపు మీదే ఉంది, ముసలిదైపోయింది ఆ చెయ్యి, గోళ్ళ సందుల్లో మల్బరీ పాలు నల్లగా ఎండి ఉన్నాయి. చీకటితోనే ఒక్కతే కోసి ఉంటుంది. నాలుగేళ్ళలో నేను ఎన్నోసార్లు లోపల్లోపల ఆమెతో మాట్లాడినాను. ఒకసారి తిట్టేదాన్ని, ఒకసారి ఆమె నా కాళ్ళ మీద పడి ఏడ్చేది. పక్కనే వచ్చి కూర్చుంటే ఆ మాటలు ఒక్కటీ పనికి రాలేదు. ఉన్న ఒక్క మాట అడిగినాను. ఆ పొద్దు ఎందుకు చెప్పలేదు చిన్నమ్మా?

ఆమె మోపు కట్టు బిగించింది. దూరంగా రోడ్డు మీద బస్సు ఆగి, హారను కొట్టి, పోయింది.

"చెప్దామనే వస్తిని," అంది. "మీయమ్మ కొడవలి పట్టుకోని నవ్వతా నిలబడుండె. ఇప్పుడే యాడ చెప్పేది, నాలుగు కొమ్మలు కోసినాక చెప్దాం అనుకుంటి. తరవాత పురుగులు పడిపాయ. అప్పుడు చెప్తే, ముందే ఎందుకు చెప్పలేదు అంటాది. మరుసటి దినం చెప్తే, నిన్న ఎందుకు చెప్పలేదు అంటాది. దినదినానికీ పెద్దదైపాయ నేత్రా. కొప్పు విప్పినప్పుడంతా, నాదక్కా అని నోటిదాకా వచ్చేది. అది మింగి, నీది కాదక్కా అనేదాన్ని."

నీ తప్పేం లేదక్కా. అన్ని సాయంత్రాలూ నేను విన్న మాట. మోసం అనుకున్నాను తరవాత. ఇప్పుడు అదే మాట ఇంకోరకంగా వినబడింది. ఆ ఇంట్లో ఆ నెలలంతా ఎవరన్నా నిజం మాట్లాడి ఉంటే అది ఆ ఒక్క మాటే. సగం నిజం. మిగిలిన సగం ఆమె గొంతులో ఉండిపోయింది, ఆ దిగులుతో అమ్మ జుట్టు రాలిపోయింది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఏది బరువో చూడమంటే నాకు రాదు. చదువు దానికి పనికి రాలేదు. సరే చిన్నమ్మా అని గానీ, పోనీలే అని గానీ నేను అనలేదు. ఆమె కూడా అడగలేదు. గోనెపట్టల నుంచి నీళ్ళు కారుతున్నాయి. పళ్ళెంలో పురుగులు తింటున్నాయి, ఆ కాసింత సద్దు ఇద్దరికీ వినబడుతుంది.

గంట అయింది. పళ్ళెంలో ఈనెలు మాత్రం మిగిలినాయి, నల్లని పెంటికలు పడి ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్న పురుగు చేసే పని అది. పళ్ళెం ఎత్తి చిన్నమ్మకు చూపించినాను. ఆమె తల ఊపి, లేచి, మోపులు ఒక్కొక్కటే గడప మీదుగా అందించింది. గీత దాటలేదు, నేను రమ్మనలేదు. కొమ్మలు స్టాండ్ల మీద పరిచినాను. కాసేపటికి ఇల్లంతా వాన సద్దు మొదలైంది.

అప్పుడే అమ్మ ఫోను. కంటికి కట్టు ఉంది గాబట్టి పునీత్ చెవికి పెట్టి ఉంటాడు. పురుగులు లేచినాయా అని అడిగింది. లేచినాయి. తింటాండాయా? తింటాండాయి. నాకు ఆ సద్దు ఇనబడతాదిలే అంది, సంతోషంగా. తరవాత ఇంకొకటి అడిగింది. మన తోటలో ఆకు లేదే, ఎవరిది?

అమ్మకు నేను ఇంతవరకూ అబద్ధం చెప్పలేదు. బయటినుంచి కొన్నామని చెప్పొచ్చు, కంటి ఆపరేషను అయిన మనిషి, ఏడిస్తే కన్ను చెడిపోతుంది, చెప్పినా తప్పు లేదు. సాయంత్రం చెప్దాం, ఇంటికి వచ్చినాక చెప్దాం అనిపించింది. అనిపించగానే చిన్నమ్మ ఆ కొడవలి ముందర ఎట్లా నిలబడి ఉంటుందో నాకు తెలిసింది. ఎంత సులభంగా, ఎంత ప్రేమగా మొదలవుతుందో.

"చిన్నమ్మది. ఆటోలో తెచ్చింది. గంటసేపు చూసినాకే వేసినా."

అవతల ఆసుపత్రిలో నర్సు ఎవరినో పేరు పెట్టి పిలుస్తుంది. ఫోను చెవికి ఇంకా అదుముకున్నాను.

"యాడుండాది?"

"గడప బయట."

"లోపలికి రానియ్యాకు," అంది అమ్మ. మళ్ళా, "తిన్న్యాదేమో అడుగు," అంది.

ఫోను పట్టుకోని బయటికి వచ్చినాను. చిన్నమ్మ ఖాళీ గోనెలు దులిపి మడత పెడుతుంది. ఏమన్నా తిన్నావా అని అమ్మ అడగమంది, అన్నాను. ఆమె చేతులు ఆగినాయి. నా వైపు చూడకుండా ఫోను వైపు చూసింది, అదేదో తలుపైనట్టు.

"తిన్న్యానని చెప్పు," అంది.

తినలేదని నాకు తెలుసు. చీకటితోనే కోసి, తడిపి, మోపులు కట్టి, ఆటో ఎక్కిన మనిషి ఎప్పుడు తింటుంది? తిందంటమ్మా అని చెప్పడానికి ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాను. చిన్నమ్మ చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకుంది.

"లేదు. తినలేదని చెప్పు."

చెప్పినాను. అమ్మ ఏమందో ఇక్కడ రాయను, అది వాళ్ళిద్దరి సంగతి. చిన్నమ్మ చేసిన తప్పు మా ఊళ్ళో ఎవరూ మరిచిపోరు, దాన్ని మరిచిపొమ్మని నేను అడగను కూడా. చదివే మీరు అంజనమ్మను ఎప్పుడన్నా తలచుకుంటే, తిన్నానని చెప్పి, మళ్ళా తినలేదని చెప్పిన మనిషిగా కూడా గుర్తు పెట్టుకోండి.